చెప్పి వెళ్ళే కిటికీ

ఆ పొద్దున రాజవీరు నాకు పోయొస్తానని చెప్పలేదు. నేనూ చెప్పమని అడగలేదు. హాల్లో శవం ఉంది. శవం ఉన్న చోటు నుంచి ఎవరూ పోయొస్తానని చెప్పి కదలరు, మాట్లాడకుండా లేచి వెళ్తారు. ఆ సంగతి నాకూ తెలుసు, రాజవీరుకూ తెలుసు. యంత్రానికి తెలియదు.

మా బొగ్గు గనిలోకి మనుషులు దిగడం మానేసి తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు దిగేది యంత్రాలే. మనుషులు పైన కేంద్రంలో కుర్చీల్లో కూర్చుంటారు, తలకు టోపీ తగిలించుకుని కళ్ళు మూసుకుంటారు. మనసు కిందికి వెళ్ళి యంత్రంలో నిలబడుతుంది. దాని చేతులు వాళ్ళ చేతులవుతాయి, దాని దీపం వాళ్ళ చూపవుతుంది. గని కప్పు కూలితే యంత్రం నలుగుతుంది, మనిషి పైన ఉలిక్కిపడి లేచి నీళ్ళు అడుగుతాడు. పంతొమ్మిదేళ్ళ కింద నా భర్త మల్లేశం మీద కప్పు కూలినప్పుడు ఇదంతా లేదు.

కేంద్రాన్ని పాత దీపాల గది ఉన్న చోటే కట్టారు. కిటికీని మాత్రం అలాగే ఉంచారు. వెనకటికి గనికి వెళ్ళేవాళ్ళు ఆ కిటికీలో తమ నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి దీపం తీసుకునేవారు. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకునేవారు. బిళ్ళ మేకుకే వేలాడుతూ ఉందంటే మనిషి ఇంకా లోపల ఉన్నట్టు. మల్లేశం బిళ్ళ నాలుగు వందల పదిహేడు. అది ఇంకా మేకుకే ఉంది. దాన్ని తీసేయమని నాతో ఎవరూ అనలేదు.

ఆయన పోయాక నాకు ఊడ్చే పని ఇచ్చారు. కిటికీ దగ్గర కూర్చోవాలంటే చదవడం రావాలన్నారు. నలభై ఆరేళ్ళప్పుడు అక్షరాలు నేర్చుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. ఇప్పటికీ కూడబలుక్కునే చదువుతాను.

నా ముందున్న తెరను లాగిన్ పేజీ అంటారు. మనిషి టోపీ పెట్టుకోగానే అది "ఎవరు?" అని అడుగుతుంది. అతను చెప్తే గుర్తుపట్టి, ఆ రోజు పని ఎక్కడుందో అక్కడికి పంపుతుంది. అంతవరకు తేలిక. కష్టమంతా తిరిగి రావడంలో ఉంది. మనసును బయటికి తీసినంత మాత్రాన అది తన ఒంట్లోకి తను రాదు. ఎక్కడికి రావాలో ముందే చెప్పి ఉంచాలి. అందుకే తెర మీద చివర్లో ఒక గడి ఉంటుంది. తిరిగి చేరే చోటు.

ఈ సంగతి ఓదెలు వల్ల తెలిసింది. మొదటి ప్రయోగంలో కూర్చున్నది అతనే. అప్పట్లో ఆ గడిలో అందరికీ ఒకే చోటు రాసి పెట్టారు. తెల్లటి గది, మూలన పూలకుండీ, ఎక్కడిదో ఫోటో. ఓదెలు ఎనిమిది గంటలు కింద పనిచేసి ఆ తెల్లటి గదికి తిరిగి వచ్చాడు. కళ్ళు తెరిచాడు, నడిచాడు, డాక్టరు అడిగినవాటికి జవాబు చెప్పాడు. సాయంత్రం ఇంటికి వెళ్ళి గడప బయట నిలబడి "లోపలికి రావొచ్చునా?" అని అడిగాడు. భార్య బుచ్చమ్మ ఎగతాళి అనుకుని నవ్వింది. అతను నిలబడే ఉన్నాడు.

అది మొదలు తొమ్మిదేళ్ళు ఓదెలు తన ఇంట్లో తనే చుట్టంలా బతికాడు. మంచినీళ్ళు కావాలంటే అడిగి తాగేవాడు. చాప ఎక్కడ వేసుకోమంటారని బుచ్చమ్మను మీరు అని అడిగేవాడు. ఆమె నా కిటికీ దగ్గరికి వచ్చి ఒకసారి అంది, "అక్కా, తిట్టినా బాగుండు. తిట్టడు. అన్నం బాగుందని పొగుడుతడు. ఎవలింట్లనో తిన్నట్టు."

ఆ తర్వాత సుచరిత వచ్చింది. రాజమండ్రి దగ్గరి పిల్ల, ఇంజనీరు. తెల్లటి గదిని తీసేసింది. ఎవరికి వాళ్ళు తమ చోటు తలుచుకుని చెప్పాలని నియమం పెట్టింది. కిటికీ పక్కన కాగితం అంటించింది. 'తిరిగి చేరే చోటును మనసులో నిలుపుకొని స్పష్టంగా పలకండి.' మావాళ్ళకు అది తలకెక్కలేదు. ఒకడు ఇంటి నంబరు చెప్పాడు. ఒకడు రేషన్ కార్డు నంబరు చెప్పాడు. గడి పక్కన లైటు పసుపుగానే ఉండిపోయింది.

రాజవీరు మల్లేశంతో పనిచేసినవాడు. అతని భార్య సారక్క. నన్ను వదినా అంటాడు. తన వంతు వచ్చినప్పుడు కాగితం వైపు చూడనే లేదు. టోపీ పెట్టుకుంటూ అలవాటుగా "పోయొస్త వదినా" అన్నాడు. లైటు పచ్చబడింది.

సుచరిత తెర దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "ఆయన చోటు పేరే చెప్పలేదే?"

"చెప్పిండు గద," అన్నాను. "పోతా అనలే, పోయొస్త అన్నడు."

ఆ పిల్ల చాలాసేపు రాసుకుంది. ఆ మాట అనేటప్పుడు మనసు ఎదుటి మనిషికి ఒక ముడి వేసి వెళ్తోందని, ఆ ముడి పట్టుకునే తిరిగి వస్తుందని చెప్పింది. "ఇక్కడ మీకు చెప్పేముందు వీళ్ళు పొద్దున్నే ఇంట్లో కూడా చెప్పి వస్తారు కదమ్మా. అంటే ముడి మీద ముడి. మీ దాకా వచ్చినవాడు ఇంటి దాకా వెళ్ళిపోతాడు." ఆ రోజే కాగితం చింపేసింది. అప్పటి నుంచి షిఫ్టుకు వందమంది నాకు చెప్పి వెళ్తారు. నేను "పొయిరా, పైలం" అంటాను, జాగ్రత్తగా వెళ్ళి రమ్మని. షిఫ్టు అయిపోగానే ఆ గడి తుడుచుకుపోతుంది. మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ చెప్పాలి.

నాకు మాత్రం చెప్పాల్సిన మనిషి లేదు. పొద్దున ఇంటికి తాళం వేస్తాను, వచ్చేస్తాను.

ఓదెలు నిద్రలోనే పోయాడు. పనిచేసిన చోటు చూపించి తీసుకుపోవడం మా దగ్గర మర్యాద కాబట్టి శవాన్ని పొద్దున్నే తెచ్చి హాల్లో పడుకోబెట్టారు. ఆ రోజు షిఫ్టు లేదు. కానీ అయిదో పొరలో నీళ్ళు ఊరుతున్నాయి, ఒక పంపు తిప్పి రావాలి. గంట పని. రాజవీరు నేను పోతానన్నాడు.

అతను ఓదెలు కాళ్ళకు దండం పెట్టి, కండువాతో కళ్ళు తుడుచుకుని కుర్చీలో కూర్చున్నాడు. కిటికీలోంచి నా వైపు చూశాడు. పెదవి కదిలింది, ఆగిపోయింది. నేను తల వంచాను. తెర మీద గడి ఖాళీగా ఉంది, దాని కింద 'దాటవేయి' అని ఉంది. అంతవరకు నేను ఎప్పుడూ దాన్ని నొక్కలేదు. నొక్కాను. శవం ముందు ఆ మాట అనిపించడం కన్నా అదే మంచిదనిపించింది.

పదింటికి పంపు పని అయిపోయింది. రాజవీరు కళ్ళు తెరవలేదు.

శ్వాస ఆడుతోంది. చెయ్యి వెచ్చగా ఉంది. "తమ్మీ," అని భుజం కదిపాను. టోపీ మీద దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. తెర మీద ఒక్క మాటే వరసగా కిందికి దిగుతోంది. ద్వారం. ద్వారం. ద్వారం. వరస పక్కన అంకె పెరుగుతోంది.

సుచరిత వచ్చి చూసి, వెంటనే సెట్టింగులు తెరిచింది. నాకోసం వాటిని తెలుగులో రాసి పెట్టింది కాబట్టి నేనూ చదివాను. మూడే వరసలు. ద్వారం ఎక్కడ. లోపలికి వచ్చాక ఎక్కడికి. బయటికి వచ్చాక ఎక్కడికి. మూడో దాని కింద చిన్నగా, 'గడి ఖాళీగా ఉంటే: ద్వారానికి.'

"ఇది నేనే రాశాను," అంది సుచరిత. "తెల్ల గది తీసేశాక, చోటు లేనివాళ్ళని కనీసం గుమ్మం దగ్గరికి పంపుదాం, అక్కడ అడిగి తెలుసుకోవచ్చు అనుకున్నాను. కానీ గుమ్మం ఆయన్ని చూడగానే గుర్తుపట్టేస్తోంది. ఈయన మనవాడే, పని కూడా అయిపోయింది, ఇక వెళ్ళమంటోంది. ఎక్కడికి? గడి ఖాళీ. ఖాళీ అయితే గుమ్మానికి." వేలితో టేబులు మీద సున్నా చుట్టింది. ఆపకుండా చుడుతూనే ఉంది.

"ఆ వరస మార్చు."

"మార్చితే మళ్ళీ మొదలుపెట్టాలమ్మా. అప్పుడు లోపలున్న మనిషి మనసు తప్పిపోతుంది."

"ఆ అంకె ఏంది?"

"ఎన్నిసార్లు తిరిగాడో. వెయ్యికి రాగానే యంత్రం తనంతట తనే వదిలేస్తుంది." అంకె నాలుగు వందలు దాటింది. వదిలేస్తే ఏమవుతుందని అడిగాను. ఆమె హాల్లోకి చూసింది. ఓదెలు చుట్టూ పూలు సర్దుతున్నారు.

నా కిటికీలోని మైకు ద్వారం దాకా వినబడుతుంది. దాంట్లో రాజవీరును పేరు పెట్టి పిలిచాను. ఆగితేనే వినబడుతుందని, అతను ఆగడం లేదని సుచరిత అంది. ఎవరైనా వెళ్ళి ద్వారం దగ్గర నిలబడి ఆపాలి. వెళ్ళేవాడికి పని చేసే అనుమతి ఉంటే ద్వారం వాడినీ ఆగనివ్వకుండా పంపేస్తుంది, వాడూ తిరుగుడులో పడతాడు. ద్వారం దాకా మాత్రమే అనుమతి ఉన్న పేరు ఆ జాబితాలో ఒకటే ఉంది. కిటికీ మనిషిది.

పక్క కుర్చీలో కూర్చున్నాను. టోపీ నా తలకు పెద్దదైంది. కొంగు మడిచి లోపల పెట్టుకున్నాను.

"నాకు చెప్పి వెళ్ళండమ్మా," అంది సుచరిత. "శవం సంగతి నాకు తెలుసు. అయినా చెప్పండి."

పంతొమ్మిదేళ్ళుగా నేను ఆ మాట ఎవరికీ చెప్పలేదు. బయట డప్పు మొదలైంది. "పోయొస్త," అన్నాను. లైటు పసుపుగానే ఉంది. మళ్ళీ అన్నాను. పసుపే.

"ఊరికే పలికితే కుదరడం లేదమ్మా..."

"తర్వాత చూద్దాం తియ్యి. దాటెయ్యి నొక్కు."

"అమ్మా."

"నొక్కు బిడ్డా."

కళ్ళు మూసుకున్నాను.

ద్వారం నాకు మా కిటికీలాగే కనబడింది. కాకపోతే నేను ఇవతల ఉన్నాను, దీపం కోసం చెయ్యి చాపేవాళ్ళు నిలబడే వైపు. లోపల కుర్చీ ఖాళీగా ఉంది. "ఎవరు?" అంది ఒక గొంతు. లస్మక్క, కిటికీ మనిషి అన్నాను. ఇంకేమీ అనలేదు. నాకు అవతల పని లేదు.

పక్కనుంచి గాలి కొట్టింది. బొగ్గు వాసన, చెమట వాసన. మళ్ళీ కొట్టింది. అతనే. పేరు పెట్టి పిలిచాను, ఆగలేదు. అప్పుడు గుర్తొచ్చింది. గనిలో పనిచేసినవాడు పేరుకు తిరిగి చూడకపోవచ్చు, బిళ్ళ నంబరుకు చూస్తాడు.

"రెండు వందల ఇరవై ఆరు," అన్నాను, వెనకటి దీపాల గది మనిషి పిలిచినట్టు.

రాజవీరు నా ముందు ఆగాడు. చాలా దూరం నడిచినవాడిలా ఉన్నాడు.

"వదినా, నువ్వేంది ఇక్కడ?"

"నీకోసమే వచ్చిన."

"ఏందో ఇది. ఎవరు అంటది. చెప్తే పో అంటది. పోతే మళ్ళ ఇక్కడికే. ఎన్నొద్దులైంది నేను వచ్చి?"

"గంట కాలే. నాకు చెప్పి పో తమ్మీ."

తల అడ్డంగా ఊపాడు. "శవమున్నది గద వదినా."

"ఇక్కడ లేదు. చూడు."

అతను చుట్టూ చూశాడు. నిజంగానే వెతికాడు. శవం లేదు, ఎవరూ లేరు. కిటికీ, నేను, అతను.

"అయితే నువ్వు ముందు పో," అన్నాడు. "ఆడమనిషిని ఇసొంటి జాగల ఇడిసిపెట్టి వస్తే సారక్క నన్ను ఇంట్లకు రానియ్యదు."

"నువ్వు పోకుంటే ఆమె ఎవర్ని రానియ్యకుండ ఉంటది? మొండికెయ్యకు. నువ్వు నాకు చెప్పి పోవాలంటే నేను ఇక్కడ ఉండాలె. ఇద్దరం పోతే ఎవరు ఎవరికి చెప్పినట్టు?"

"మరి నువ్వు ఎవరికి చెప్తవ్?"

"పోరాదా ఇగ. ఎప్పుడు ముచ్చట్లే."

అతను కండువా సర్దుకున్నాడు. ఇన్నేళ్ళు కిటికీలోంచి ఎలా చూసేవాడో అలాగే చూశాడు. "పోయొస్త వదినా."

"పొయిరా తమ్మీ. పైలం."

గాలి ఆగిపోయింది. బొగ్గు వాసన కూడా పోయింది.

అక్కడ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. కాళ్ళు నొప్పి పెట్టలేదు, దాహం కాలేదు. ఎవరు అని అడిగిన గొంతు కూడా మళ్ళీ అడగలేదు. మల్లేశం వస్తాడేమో అని ఒకసారి అనుకున్నాను. రాలేదు. ఎందుకు వస్తాడు? ఆ రోజు పొద్దున ఆయన చెప్పే వెళ్ళాడు. సద్ది గిన్నె చేతిలో పట్టుకుని, చెప్పులు వేసుకుంటూ, పోయొస్త అన్నాడు. పొయిరా అన్నాను. చెప్పి వెళ్ళినవాళ్ళంతా వస్తారని లేదు. అది తెలిసి కూడా వందలమందికి పొయిరా పొయిరా అని చెబుతూ కూర్చున్నాను. నన్ను ఎవరైనా అడిగితే అది నా పని అనేదాన్ని. నా నోటి నుంచి మాత్రం ఆ మాట రాకుండా దాచుకున్నాను.

ఖాళీ కిటికీ వైపు చూస్తే నాకు మొదటిసారి భయం వేసింది. చావు భయం కాదు. ఇట్లాగే ఉండిపోతే బయట ఎవరికైనా తేడా తెలుస్తుందా అని.

కిటికీలోంచి గొంతు వచ్చింది. ముందు గరగర, తర్వాత దగ్గు.

"వదినా, ఇనబడుతున్నదా? నేను రాజవీరును."

"ఇనబడుతున్నది."

"నీ కుర్చీల కూసున్న. శవం లేచింది. హాలు కడిగిండ్రు, నేనే రెండు బకెట్లు పోసిన. ఇగ చెప్పొచ్చు."

చెప్పాలనే ఉంది. ఎవరికి చెప్పను అన్నాను.

"నాకే. ఇంకెవలకు?"

"నువ్వు లేచి పోవు గద?"

"యాడికి పోత? సారక్క వచ్చింది, ఇంజనీరమ్మ ఉన్నది, ఇద్దరు నా మీద కావలి ఉన్నరు." కుర్చీ కిర్రుమంది. "కని ఇదేం కుర్చీ వదినా? ఒక దిక్కు ఊగుతున్నది. దీంట్ల ఇన్నేండ్లు ఎట్ల కూసున్నవ్?"

"ఎడమ కాలు పొట్టిది. కింద అట్టముక్క ఉండాలె. జరిగిందేమో చూడు."

వంగినట్టున్నాడు, గొంతు దూరమైంది. "ఆ, దొరికింది. పెట్టిన. ఇప్పుడు ఊగుతలేదు."

ఆ కుర్చీలో ఒక మనిషి కదలకుండా కూర్చుని ఉన్నాడు. అది నాకు కళ్ళతో చూసినంత స్పష్టంగా తెలిసింది.

"పోయొస్త తమ్మీ," అన్నాను.

"పొయిరా వదినా. పైలం."

కళ్ళు తెరిచేసరికి సుచరిత నా చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. కిటికీ అవతల రాజవీరు మైకును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. హాలు నేల ఇంకా తడిగా ఉంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాను. తాళంచెవి చేతిలోనే ఉంది. తలుపు ముందు నిలబడ్డాను. నా తలుపే, నేను రంగు వేయించిన తలుపే. అయినా చెయ్యి తాళం దాకా వెళ్ళలేదు. ఎవరైనా రమ్మంటే బాగుండునని చూశాను. వీధి కుళాయి దగ్గర ఒకామె బిందె నింపుకుని వెళ్ళిపోయింది. చీకటి పడేవేళకు తాళం తీశాను. లోపలికి పోయి చెప్పులు ఒక పక్కగా విడిచి, గోడవారగా కూర్చున్నాను. మంచం మీద కూర్చోవచ్చో లేదో తెలియలేదు. ఓదెలు ఎట్లా బతికాడో అప్పుడు అర్థమైంది.

మర్నాడు సుచరితకు చెప్పాను. ఆమె నా పేరు తెరిచి చూపించింది. తిరిగి చేరే చోటు అన్న గడిలో యంత్రమే రాసుకుంది. షిఫ్టు లేని రోజు కాబట్టి అది తుడుచుకుపోలేదు. కూడబలుక్కుని చదివాను. కి-టి-కీ.

"మీ ముడి ఇక్కడే పడిందమ్మా," అంది. "మిగతావాళ్ళకు ఇంటి దగ్గర ఇంకో ముడి ఉంటుంది, దాన్ని పట్టుకుని వెళ్ళిపోతారు. మీకు..." గడి మీద వేలు పెట్టింది. "మార్చగలను. కానీ ఇంకొకసారి లోపలికి వెళ్ళాలి. వెళ్ళేముందు మీ ఇంట్లో ఎవరికైనా చెప్పి రావాలి. ఎవరికి చెప్తారు?"

మా ఇల్లంతా తలుచుకున్నాను. రెండు గదులు, ఒక వంటిల్లు.

"ఉండనియ్యి బిడ్డా," అన్నాను.

సుచరిత మూడో వరస మార్చింది. గడి ఖాళీగా ఉంటే ఇప్పుడు కుర్చీ అసలు మొదలవదు. 'దాటవేయి' తీసేసింది. కేంద్రానికి శవం వస్తే ఆ రోజు పంపు కూడా తిరగదని పైవాళ్ళతో రాయించింది. దానికి చాలా గొడవపడిందని విన్నాను.

రాజవీరు రోజూ సాయంత్రం కిటికీ దగ్గర ఆగుతాడు. నేను ఏమీ చెప్పలేదు, సుచరిత చెప్పి ఉంటుంది. లోపలికి వచ్చి నా కుర్చీలో కూర్చుంటాడు. అట్టముక్క సరిగ్గా ఉందో లేదో వంగి చూసుకుంటాడు.

"ఇగ పో వదినా, పొద్దుపోతున్నది."

నేను సంచి భుజానికి తగిలించుకుంటాను. "పోయొస్త తమ్మీ."

"పొయిరా. పైలం."

అందరూ ఇల్లు దాటేటప్పుడు చెప్పే మాట నేను ఇంటికి పోయేటప్పుడు చెప్తాను. వెళ్ళి తాళం తీస్తాను, ఇంత వండుకుంటాను, ఎవరింట్లోనో పడుకున్నట్టు ఒక పక్కకు ఒత్తిగిలి పడుకుంటాను. తెల్లారి తాళం వేసేటప్పుడు ఎవరికీ ఏమీ చెప్పను. తమ చోటికి తిరిగి వచ్చేవాళ్ళు చెప్పి రారు కదా.